విశాఖ నుంచి ఓరుగల్లు: ఆరుగురు స్నేహితులకు రెండు రోజుల దారి

వైజాగ్‌లో నలుగురు చేరి "ఈ వీకెండ్ ఎటైనా పోదాంరా" అనుకుంటే మాట అరకు దగ్గర మొదలై, లంబసింగి మీదుగా తిరిగి, చివరికి యారాడ బీచ్‌లో తేలుతుంది. కాస్త మార్పు కావాలనుకుంటే ఒక్క రాత్రి రైలు దూరంలో కాకతీయుల రాజధాని ఉంది. ఓరుగల్లు, అంటే మన వరంగల్. రైల్లో దాదాపు 560 కిలోమీటర్లు. శుక్రవారం రాత్రి బండెక్కితే సోమవారం తెల్లారేసరికి ఇంటికొచ్చేయొచ్చు. సెలవు పెట్టే పనే లేదు.

అయితే ఈ ఊరు చూసొచ్చినవాళ్లలో చాలామంది "రాళ్లు తప్ప ఏముందిరా అక్కడ" అని పెదవి విరుస్తారు. తప్పు ఊరిది కాదు, చూసిన వరసది. దిగీ దిగగానే రామప్ప గుడికి పరుగెత్తి, మర్నాడు మిగిలిన టైములో కోటలో అడుగుపెడితే అక్కడున్నవి నిజంగానే విరిగిన రాళ్లలా కనిపిస్తాయి. వరస తిరగెయ్యండి. ముందు కోట, మర్నాడు రామప్ప. కోటలో ముక్కలుగా పడున్నవన్నీ రామప్పలో ఒక్కటిగా నిలబడి కనిపిస్తాయి. కింద చెప్పే ఏర్పాటంతా ఈ ఒక్క మాట చుట్టూ అల్లిందే.

ఎప్పుడు, ఎంతమంది

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో వద్దు. మన ఉక్కపోతకి అలవాటుపడ్డ ఒళ్లు కూడా అక్కడి పొడి ఎండకి తట్టుకోలేదు, పైగా చూడాల్సినవన్నీ ఆరుబయటే. రెండేళ్లకోసారి, సరి సంఖ్య సంవత్సరాల్లో, మాఘమాసంలో ములుగు జిల్లాలో మేడారం సమ్మక్క-సారలమ్మ జాతర జరుగుతుంది. జాతరకే వెళ్తే సరే, లేదంటే ఆ వారం మానుకోండి. రోడ్లు నిండిపోతాయి, గదులు దొరకవు. దసరా ముందు బతుకమ్మ రోజుల్లో వెళ్తే మాత్రం అదృష్టమే. ఎంగిలిపూల బతుకమ్మనాడు వేయిస్తంభాల గుడి ఆవరణ పూలతో, ఆడవాళ్లతో కిటకిటలాడుతుంది.

మందికి ఆరు మంచి లెక్క. ఐఆర్‌సీటీసీలో ఒక టికెట్టు మీద ఆరుగురికి మించి ఎక్కించలేం. ఎర్టిగా అయినా ఇన్నోవా అయినా డ్రైవరు పోగా ఆరుగురు పడతారు. ఏడోవాడు తోడైతే రెండో టికెట్టు, రెండో కారు, రెండు వాట్సాప్ గ్రూపులు. "నేనూ వస్తా, కానీ ఖాయంగా చెప్పలేను" అనేవాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. అతనికి టికెట్లు తీసే రోజే గడువని చెప్పండి.

రైలు

ఇక్కడ ఒక మెలిక ఉంది. విశాఖ నుంచి సికింద్రాబాద్ పోయే బండ్లన్నీ వరంగల్ మీదుగా పోవు. విశాఖ ఎక్స్‌ప్రెస్, జన్మభూమి లాంటివి గుంటూరు, నల్గొండ దారి పడతాయి. పేరు చూసి కాదు, ఆగే స్టేషన్ల పట్టీ చూసి తీసుకోండి.

ఆఫీసు ముగించుకుని ఎక్కాలంటే రాత్రిపూట విశాఖ దాటే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ అనువైనది. భువనేశ్వర్ నుంచి వస్తుంది కాబట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది, అయినా వరంగల్‌లో పొద్దున్నే దింపుతుంది. సాయంత్రం విశాఖలోనే బయల్దేరే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తులు తేలిగ్గా దొరకొచ్చు కానీ అది అర్ధరాత్రి దాటాక దింపేస్తుంది. ఆ వేళకి గది తెరిచి ఇచ్చేవాళ్లని ముందే మాట్లాడుకోవాలి, లేదంటే వెయిటింగ్ హాల్లో కూర్చోవడమే. పొద్దున్న పోయే వందే భారత్ వేగంగా పోతుంది, వరంగల్‌లో ఆగుతుంది కూడా. కానీ శనివారం సగం రైల్లోనే అయిపోతుంది. వీకెండ్‌కి అది నష్టం బేరం.

రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు. శుక్రవారం రాత్రి బెర్తులు తొందరగా అయిపోతాయి, కాబట్టి ఆ రోజే తీసుకోండి. తత్కాల్ మీద ఆధారపడొద్దు. దాంట్లో ఒక టికెట్టుకి నలుగురే, ఆధార్‌తో సరిచూసిన ఖాతా కూడా ఉండాలి. ఏసీకి ముందురోజు పొద్దున్న 10 గంటలకి, స్లీపర్‌కి 11కి తెరుస్తారు. రానుపోను రెండు టికెట్లూ ఒకేరోజు తీయడం కుదరదు, తేదీలు రెండు రోజుల తేడా కదా. ఆదివారం రాత్రి గోదావరికి మరో అలారం పెట్టుకోండి. గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఉండేవాళ్లు స్టేషన్‌దాకా రాకుండా దువ్వాడలో ఎక్కొచ్చు, బండి అక్కడ ఆగుతుందో లేదో చూసుకుని టికెట్టు తీసేటప్పుడే బోర్డింగ్ అక్కడిదని పెట్టండి.

రాత్రికి ఇంటినుంచి పులిహోర, చపాతీలు తెచ్చుకోండి. చేపల వేపుడు మాత్రం ఏసీ బోగీలో విప్పకండి. మనకి ఘుమఘుమే, పక్క బెర్తు వాళ్లకి కాదు.

గది, బండి, డబ్బు

వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిసిపోయిన ఊరు. కోట వరంగల్ స్టేషన్‌కి దగ్గర, వేయిస్తంభాల గుడి హనుమకొండలో. గది హనుమకొండలో తీసుకుంటే మంచిది. హోటళ్లెక్కువ, తిండికి తిరగక్కర్లేదు, ఆదివారం పొద్దున్న ములుగు రోడ్డు ఎక్కడానికీ అదే వీలు. గది మాట్లాడేటప్పుడు రెండే ప్రశ్నలు అడగండి: పొద్దున్న ఎనిమిదికి వస్తే గది ఇస్తారా, ఆదివారం ఖాళీ చేశాక సామాన్లు సాయంత్రం దాకా ఉంచుకుంటారా. రెండోదానికి "ఉంచం" అంటే ఆ హోటలు వదిలేయండి.

శనివారానికి ఆటోలు చాలు. ఆదివారానికి రోజంతా కారు మాట్లాడండి. రేటు ఖాయం చేసేటప్పుడు కిలోమీటర్లెన్ని, డ్రైవరు బత్తా, పార్కింగు అందులోనేనా అని అడిగి, ఆ మాట వాట్సాప్‌లో రాయించుకోండి. డబ్బుకి ఒకే ఖజాంచీ ఉండాలి. బయల్దేరే ముందు అందరూ అతనికి సమానంగా వేసేయాలి, ఖర్చులన్నీ అతని ఫోన్ నుంచే పోవాలి. టీ దగ్గర "నేనిస్తా నేనిస్తా" అని పోటీపడితే ఆఖర్లో లెక్క తేలదు.

సంచిలో టోపీ, నీళ్ల సీసా, చిన్న టార్చి ఉండాలి. డిసెంబరు, జనవరిలో అయితే ఒక స్వెట్టరు కూడా, అక్కడి పొద్దుటి చలి మన సముద్రపుగాలి చలి కాదు. పాత మేజోళ్లు ఒక జత మాత్రం మర్చిపోకండి. ఎందుకో రామప్ప దగ్గర తెలుస్తుంది.

బండిలో చదువుకోవలసినంత చరిత్ర

ఎక్కువ అక్కర్లేదు, నలుగురు పాలకులు చాలు. రుద్రదేవుడు 1163లో హనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించాడు, అప్పటికి రాజధాని అదే. ఆయన తర్వాత, 1199 నుంచి అరవై ఏళ్లకి పైగా ఏలిన గణపతిదేవుడి కాలంలో ఓరుగల్లు కోట రూపు దిద్దుకుంది. ఆయన కూతురు రుద్రమదేవి ఆ కోటను ఇంకా గట్టిచేసింది, 1289 దాకా ఏలింది. ఆమె మనవడు ప్రతాపరుద్రుడు ఆఖరివాడు. 1323లో ఉలుగ్ ఖాన్ కోటను పట్టుకున్నాడు. తర్వాత ఢిల్లీ గద్దెనెక్కిన మహమ్మద్ బిన్ తుగ్లక్ ఇతనే. ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీ తీసుకుపోతుంటే దారిలో నర్మద ఒడ్డున చనిపోయాడు. ఓరుగల్లుకి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు.

సముద్రం పక్కన పెరిగినవాళ్లం కాబట్టి ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఒక అభయ శాసనం వేయించాడు. అంతకుముందు ఓడ తుపానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొస్తే సరుకంతా రాజులు లాగేసుకునేవాళ్లు. ఆ పని మానేస్తాం, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం అన్నది అందులోని హామీ. నేల మధ్యలో కోట కట్టుకున్న రాజుకి ఓడరేవు విలువ తెలుసన్నమాట.

శనివారం పొద్దున్న: హనుమకొండ

స్నానం, టిఫిను అయ్యాక తొమ్మిదిన్నర కల్లా వేయిస్తంభాల గుడికి చేరండి. స్తంభాలు లెక్కపెట్టే పందెం వేసుకోకండి, చిన్నాపెద్దా అన్నీ కలిపినా ఎవరి లెక్కా కలవదు. శివుడు, విష్ణువు, సూర్యుడు, ముగ్గురికీ ఒకే మండపం చుట్టూ మూడు గర్భగుళ్లు. ఎదురుగా నున్నటి నల్లరాతి నంది. దాని అవతలి కల్యాణమండపం కథ వింటే ఎవరికైనా నోరు తెరుచుకుంటుంది. కూలిపోయే స్థితిలో ఉన్న దాన్ని పురావస్తు శాఖ 2006లో రాయి రాయిగా విప్పేసింది. మళ్లీ పేర్చి తెరిచేసరికి 2024 మార్చి వచ్చింది. ఏ రాయి పాతది, ఏది కొత్తది అని వెతుక్కుంటూ ఒక చుట్టు తిరగండి, రంగులోనే తేడా తెలిసిపోతుంది.

అక్కణ్ణుంచి భద్రకాళి గుడికి. మధ్యాహ్నం తలుపులేస్తారు కాబట్టి పన్నెండు లోపే వెళ్లండి. దర్శనం కాగానే బయటపడకుండా చెరువు గట్టున కాసేపు కూర్చోండి. ఎవరికైనా ఇంకా ఓపికుంటే పద్మాక్షి గుట్ట ఎక్కొచ్చు, అక్కడి బండ మీద జైన విగ్రహాలున్నాయి. సింహాచలం మెట్లు ఎక్కినవాళ్లకి అదొక లెక్కలోది కాదు. తర్వాత భోజనం, గంటసేపు కునుకు. ఈ కునుకు వదులుకుంటే కోట దగ్గర సగంమంది నీడ వెతుక్కుంటారు.

శనివారం సాయంత్రం: కోట

మూడున్నరకి ఆటో ఎక్కండి. కోట అనగానే కొండ మీద బురుజు ఊహించుకునేవాళ్లకి ఇది కొత్తగా ఉంటుంది. ఇది పల్లపు నేలలో, గుండ్రంగా, ఒకదాని లోపల ఒకటిగా కట్టిన కోట. బయట మట్టికట్ట, లోపల మరో మట్టికట్ట, ఆ లోపల కందకం, రాతిగోడ. రాతిగోడ లోపల ఇప్పటికీ ఊరుంది. ఇళ్లున్నాయి, బడి పిల్లలున్నారు, కోటగుమ్మంలోంచే ఆటోలు పోతాయి.

రాతి గుమ్మం దగ్గర ఆటో ఆపించి దిగి నడవండి. దారి తిన్నగా లోపలికి పోదు. ఒక గుమ్మం దాటగానే గోడ అడ్డొస్తుంది, పక్కకి తిరిగితే మరో గుమ్మం. దాడికొచ్చిన ఏనుగుకి పరుగు అందకుండా చేసిన ఏర్పాటిది. ఆరుగురూ ఆ రెండు మలుపుల మధ్య నిలబడి తలలెత్తి చూడండి. పైనుంచి బాణం వేసేవాడికి మీరెంత తేలిగ్గా దొరుకుతారో అర్థమవుతుంది. సెల్ఫీ తర్వాత తీసుకోవచ్చు.

తర్వాత టికెట్టు తీసుకుని మధ్యలో ఉన్న ఆవరణలోకి వెళ్లండి. నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు, ఒక్కోటీ దాదాపు 30 అడుగుల ఎత్తు. తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో చూసింది ఇదే. తలుపుల్లేవు, పక్కన గోడల్లేవు. పైన అడ్డదూలం చివర్లలో హంసలు, కింద వేలాడే రాతి మొగ్గలు. ఈ నాలుగు తోరణాల మధ్య ఒకప్పుడు స్వయంభూ శివాలయం ఉండేది. ఇప్పుడు దాని ముక్కలు గడ్డిలో వరసలుగా ఉన్నాయి.

ఈ యాత్రలో అసలు పని ఇక్కడుంది. ఒక్కొక్కరూ ఒక్కో ముక్క ఎంచుకుని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఒకరు స్తంభం తునక, ఒకరు పైకప్పు పద్మం, ఒకరు దూలం కింద మోపే బొమ్మ, ఒకరు గోడ అడుగున నడిచే ఏనుగుల వరస. దగ్గరికి వంగి చూడండి. స్తంభం చుట్టూ చెక్కిన పట్టెలు సాన మీద తిప్పినంత నున్నగా ఉంటాయి, వేలు ఆనిస్తే ఎక్కడా తగలదు. విరిగినచోట మాత్రం గరుకు. ఆ ముక్క ఎక్కడిది, దాని కిందేముండేది, పైనేముండేది అని వాదించుకోండి. జవాబు రేపు దొరుకుతుంది.

ఐదు దాటాక పక్కనే ఉన్న ఖుష్ మహల్‌కి నడవండి. పైకి పోతూ లోపలికి ఒరిగే మందపాటి గోడలు, లోపల ఎత్తైన కమానులు. 16వ శతాబ్దం మొదట్లో ఇక్కడ ఏలిన షితాబ్ ఖాన్ పేరుతో చెబుతారు కానీ గోడల తీరు తుగ్లకుల కట్టడాల్ని పోలి ఉంటుంది. తోరణాలు చూసిన పావుగంటకే దీన్ని చూస్తే 1323 అంటే ఏమిటో పుస్తకం కన్నా బాగా తెలుస్తుంది. ఆఖర్న ఏకశిల గుట్ట. ఒకే బండ, ఎక్కడం పది నిమిషాల పని. పైనుంచి కోట గుండ్రంగా ఎలా తిరిగిందో చెట్ల మధ్య ఆనవాలు పట్టొచ్చు. దిగేటప్పటికి చీకటి పడితే టార్చి అప్పుడు పనికొస్తుంది.

ఆదివారం: రామప్ప

ఆరింటికి బయల్దేరాలి. ఈ టైము మీద బేరాలు పెట్టుకోవద్దు. ఇక్కణ్ణుంచి రామప్ప ఉన్న పాలంపేట 65-70 కిలోమీటర్లు, ములుగు మీదుగా. దారిలో ఎక్కడో టీ తాగినా ఎనిమిదికల్లా గుడి ముందుంటారు. పదయ్యాక బస్సులొస్తాయి, రాయీ కాగుతుంది. గుడి ఆరడుగుల అరుగు మీద ఉంటుంది, ఆ అరుగంతా ఉత్తకాళ్లతో తిరగాలి. మేజోళ్లు ఇప్పుడు వేసుకోండి.

1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు దీన్ని కట్టించాడు. అసలు పేరు రుద్రేశ్వరాలయం, చెక్కిన శిల్పి పేరే జనం నోట నిలిచిందని చెబుతారు. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. పునాదిలో ఇసుక నింపి దాని మీద రాయి పేర్చారు. విమానానికి, అంటే గర్భగుడి మీది గోపురానికి, నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. కింద బరువు మోసే నేలకి కదిలే వీలుంచి, పైన బరువు తగ్గించారన్నమాట. అయినా లోపలి నేల అక్కడక్కడా ఎగుడుదిగుడయింది, దూలాల్లో పగుళ్లున్నాయి. అవి దాచకుండా కనిపిస్తాయి, చూడండి.

గైడుని పెట్టుకోండి, డబ్బుకి తగ్గ పనే. కాకపోతే చెక్కిన బొమ్మ మీద తట్టి సప్తస్వరాలు వినిపిస్తానంటే వద్దని మర్యాదగా చెప్పండి. ఎనిమిది వందల ఏళ్ల రాయి, రోజుకి వందమంది తడితే ఏమవుతుంది?

ముందు బయట ఒక చుట్టు. అడుగున ఏనుగుల వరస చుట్టూ పోతుంది. పైన, చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ నల్లరాతి ఆడబొమ్మలు, మదనికలు, పన్నెండు. గుడి ఒళ్లంతా ఎర్రటి ఇసుకరాయి, వీళ్లు మాత్రం అద్దంలా మెరిసే నల్లరాయి. ఒకామె కాళ్లకి ఎత్తుమడమల చెప్పులుంటాయి, వెతికి పట్టండి. మెడలో హారం ఒంటికి అంటుకోకుండా కాస్త ఎడంగా వేలాడేలా చెక్కారు, పొద్దుటి ఎండలో దాని నీడ గుండె మీద పడుతుంది. పదకొండు తర్వాత వస్తే ఈ నీడ కనిపించదు. పొద్దున్నే రమ్మన్నది అందుకే.

ఇప్పుడు లోపలికి వెళ్లి నిన్నటి ఫొటోలు తీయండి. స్తంభం తునక ఇక్కడ నేల నుంచి దూలం దాకా పూర్తిగా నిలబడి ఉంటుంది. పద్మం నడినెత్తిన ఉంటుంది, దాని చుట్టూ ఏముండాలో అదీ ఉంటుంది. ఒక స్తంభానికి సూది దూరేంత సన్నటి రంధ్రాలు చెక్కారు, దారం దూర్చి చూపిస్తారు. నిన్న గడ్డిలో వాదించుకున్న ఆరుగురిలో ఎవరి ఊహ నిజమో ఇక్కడ తేలుతుంది. ఓడినవాళ్లు టీలు ఇప్పించాలని నిన్ననే రాసుకోండి. గణపతిదేవుడి గజసేనాని జాయపసేనాని నాట్యం మీద నృత్తరత్నావళి రాశాడు. ఇక్కడి నాట్య శిల్పాల్ని కూడా చూసే నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యాన్ని మళ్లీ వేదిక ఎక్కించారు. ఆ సంగతి తెలిసి చూస్తే బొమ్మల కాళ్ల వంపు వేరుగా కనిపిస్తుంది. బయటికొస్తూ నందిని గుడివైపు నుంచి చూడండి. పిలిస్తే లేచేటట్టు చెవులు రిక్కించి ఉంటుంది.

తర్వాత ఎటు? లక్నవరం చెరువు మీది వేలాడే వంతెన దగ్గరికి పోదామనేవాళ్లు ఉంటారు. బాగుంటుంది కానీ ఆదివారం జనం ఎక్కువ, టైము మింగేస్తుంది. నా ఓటు ఘనపురం కోటగుళ్లకి. రామప్పకి దగ్గర్లోనే, అదే కాలపు చిన్నాపెద్దా గుళ్ల గుంపు, జనం తక్కువ. చెరువు సరదా తీరకపోతే రామప్ప చెరువు గుడికి పక్కనే ఉంది. రెంటికీ కలిపి పన్నెండున్నర దాటనివ్వకండి.

తిండి, కొనడం

అక్కడి తిండి మనకి కారంగా అనిపించదు, పులుపు తగ్గినట్టనిపిస్తుంది. సర్వపిండి వేడివేడిగా దొరికితే వదలకండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లిపాయ కలిపి గిన్నెకే అద్ది కాలుస్తారు, అంచు కరకరలాడాలి. మధ్యాహ్నానికి బగారా అన్నం, కోడికూర. సంక్రాంతి రోజులైతే సకినాలు మూటకట్టుకుని తెచ్చుకోండి.

కొనడానికి వరంగల్ దుర్రీలు, మన జంపఖానాలు. కొత్తవాడ నేతగాళ్ల దగ్గరికే వెళ్తే మగ్గం మీద నేస్తుండగా చూడొచ్చు. భౌగోళిక గుర్తింపు 2018లో వచ్చింది. మడిస్తే బరువుంటుంది కాబట్టి రైలుకి మోసేవాళ్లెవరో ముందే తేల్చుకోండి. వంటింటికి చపాటా మిర్చి: బుర్రగా, లావుగా, రంగెక్కువ, కారం తక్కువ. ఆవకాయకి కాదు, కూరకి రంగు కోసం.

తిరుగు ప్రయాణం

ఆరుకల్లా హోటల్లో సామాన్లు తీసుకుని ఆరున్నరకి వరంగల్ స్టేషన్‌లో ఉండండి. కాజీపేటలో ఎక్కేటట్టు టికెట్టు తీసుంటే అక్కడికే పోవాలి, డ్రైవరుకి స్టేషను పేరు రెండుసార్లు చెప్పండి. ఏడు దాటాక గోదావరి వస్తుంది. రాత్రి భోజనం పొట్లాలు స్టేషన్ బయటే కట్టించుకోండి. ఖమ్మం వచ్చేలోపు ఖజాంచీ ఫోన్ తీసి లెక్క చదివేయాలి, మిగిలింది అక్కడే వెనక్కి పంపేయాలి. విజయవాడ దాటాక ఎవరూ మేలుకుని ఉండరు, సోమవారం ఆఫీసులో ఎవరికీ ఆ లెక్క గుర్తుండదు. దువ్వాడలో దిగేవాళ్లు అనకాపల్లికే అలారం పెట్టుకోండి.